మందుల పేర్లు గుర్తుండట్లేదని నర్సింగ్ మానేయాలా?

ప్రశ్న: బీఎస్సీ నర్సింగ్ రెండో సంవత్సరం చదువుతున్నాను. ఇంటర్ వరకు తెలుగు మీడియం. ఫార్మకాలజీలో మందుల పేర్లు ఎంత బట్టీ పట్టినా నిలవడం లేదు. వార్డులో మందు ఇవ్వమంటే తప్పు చేస్తానేమోనని చేతులు వణుకుతున్నాయి. కోర్సు మానేసి మరేదైనా చూసుకోమంటారా?

జవాబు: మానేయొద్దు. ఏ భయమూ లేకుండా సిరంజి పట్టేవాళ్లను చూస్తేనే నాకు టెన్షన్. మీరు మార్చుకోవాల్సింది చదివే పద్ధతి.

మందులను విడివిడిగా కాక కుటుంబాలుగా చదవండి. అటెనొలాల్, మెటొప్రొలాల్‌ల చివర ఉన్న 'ఒలాల్' ఇంటిపేరు లాంటిది. ఇవి బీటా బ్లాకర్లు, గుండె వేగాన్ని తగ్గిస్తాయి. అందుకే ఇచ్చే ముందు పల్స్, బీపీ చూస్తారు. నోట్సులో ప్రతి మందు పక్కన 'ఇచ్చే ముందు ఏం చూడాలి' అన్నది ఒక్క వాక్యంలో రాసుకోండి. గుండె మందు డిగాక్సిన్ అయితే నిమిషం నిండా ఎపికల్ పల్స్, అంటే ఛాతీ మీద స్టెతస్కోప్ పెట్టి వినే గుండె చప్పుడు, లెక్కపెట్టాలి. పెద్దవాళ్లలో 60 కంటే తక్కువుంటే మందు ఆపి డాక్టర్‌కు చెప్పాలి. గుండెనొప్పికి ఇచ్చే సార్బిట్రేట్ మాత్రను నాలుక కింద ఎందుకు పెట్టుకోమంటారు? మింగితే ఒంట్లోకి పూర్తిగా చేరకముందే కాలేయం చాలా భాగాన్ని విరిచేస్తుంది కాబట్టి. మీ పుస్తకంలోని ఫస్ట్ పాస్ మెటబాలిజం అంటే ఇదే.

అసలు తప్పులు జరిగేది లెక్క దగ్గర. 10 కిలోల పాపకు కిలోకు 15 చొప్పున 150 మిల్లీగ్రాముల పారాసిటమాల్ రాశారనుకోండి. 5 మి.లీ.లో 125 మిల్లీగ్రాములుండే సిరప్ అయితే 6 మి.లీ. పోయాలి. 250 ఉండే సీసా అయితే 3 మి.లీ. చాలు. లేబుల్ చూడకుండా రోజూ పోసినట్టే 6 పోస్తే మోతాదు రెట్టింపవుతుంది. ఇన్సులిన్‌తో ఇంకా ప్రమాదం. మి.లీ.కి 100 యూనిట్లుండే ఇన్సులిన్‌ను, మి.లీ.కి 40 యూనిట్ల లెక్కన గీతలుండే సిరంజితో తీస్తే రెండున్నర రెట్లు లోపలికి వెళ్తుంది. పొటాషియం క్లోరైడ్‌ను ఎప్పుడూ ఐవీ పుష్‌గా, అంటే సిరంజితో నేరుగా నరంలోకి, ఇవ్వరు, గుండె ఆగిపోవచ్చు. ఈ మూడూ మీ నోట్సు మొదటి పేజీలో ఉండాలి.

సరైన రోగి, మందు, మోతాదు, మార్గం, సమయం అని క్లాసులో వినే ఉంటారు. వీటిలో రోగి విషయంలోనే చాలామంది తేలిగ్గా తీసుకుంటారు. "మీరు లక్ష్మమ్మగారేనా?" అని అడగకండి, మగతలో ఉన్నవాళ్లు దేనికైనా ఊ అంటారు. "మీ పేరేంటమ్మా?" అని అడిగి, చేతి బ్యాండ్‌తోనూ కేస్ షీట్‌తోనూ సరిచూసుకోండి. ఇచ్చాకే చార్టులో సంతకం పెట్టాలి, ముందే కాదు. సిస్టర్ పక్కన లేకుండా మీరు ఏ మందూ ఇవ్వొద్దు. పొరపాటు జరిగితే ఆ క్షణమే చెప్పేయండి. తిట్లు పడతాయి, పడనివ్వండి.

ఎయిమ్స్ నర్సు ఉద్యోగాల పరీక్ష నార్‌సెట్‌కు వెళ్లినా, అమెరికాలో నర్సు లైసెన్సు కోసం ఎన్‌క్లెక్స్ పరీక్ష రాసినా ఫార్మకాలజీ మిమ్మల్ని వదలదు. ఎన్‌క్లెక్స్‌లో మోతాదు లెక్కలూ అడుగుతారు. ఈ వారం మీ వార్డు ట్రాలీలో రోజూ కనిపించే పది మందులతో మొదలుపెట్టండి.