జనవరిలో ఉత్తరాఖండ్‌లోని కేదార్‌కంఠ శిఖరానికి ట్రెక్ వెళ్తున్నాం, మంచు చరియల భయం ఉంటుందా?

గుంటూరు నుంచి నలుగురు ఫ్రెండ్స్ కలిసి వెళ్తున్నారు, ప్రతి ఆదివారం కొండవీడు ఎక్కి ఒళ్లు సిద్ధం చేసుకుంటున్నారు, ఇంకా భయపడాల్సింది ఉందా అనేగా మీరు అడిగింది. కొండవీడు ఆయాసానికి పనికొస్తుందండీ, మంచు చరియకి పనికిరాదు. అక్కడ చూడాల్సింది వాలు ఎంత, దాని మీద మంచు ఎలా ఉంది అన్నవే.

నాది విజయవాడ. ఉత్తరాఖండ్‌లో మౌంటెనీరింగ్ కోర్సు చేసినప్పుడు మా ఇన్‌స్ట్రక్టర్ ఒక వాలు మీద నేల తగిలేదాకా గొయ్యి తవ్వించారు. పై పొర గాలికి బిగిసిపోయి వేలు కూడా దిగలేదు. అడుగున మాత్రం పంచదారలా ఉంది. గుప్పెట్లో ఎంత పిండినా ముద్ద కట్టలేదు, వేళ్ల సందుల్లోంచి రాలిపోయింది. సీజన్ మొదట్లో మంచు పలచగా పడి, కింద నేల కాస్త వెచ్చగా, పైన గాలి బాగా చల్లగా ఉంటే ఆ తేడాకి అడుగు పొర అలా విడిపోతుంది. దాని మీద మళ్లీ మంచు కురిసి బరువు పెరిగితే పై పొర మొత్తం ఒక్కసారే విరిగి జారుతుంది. చాలాసార్లు ఆ ఆఖరి బరువు దాని మీద నడిచే మనిషిదే.

ఇలాంటివి ఎక్కువగా 30 నుంచి 45 డిగ్రీల వాలు మీద కదులుతాయి. మీరు నిలబడ్డచోటు చదునుగానే ఉందని ధీమా పడొద్దు, తలెత్తి పైన ఏముందో చూడండి. 2022 అక్టోబరు 4న ఉత్తరాఖండ్‌లోనే ద్రౌపదీ కా దండా అనే శిఖరం మీద మంచు చరియలో చిక్కుకుని పాతికమందికి పైగా చనిపోయారు. వాళ్లలో ఎక్కువమంది నెహ్రూ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ మౌంటెనీరింగ్ ట్రైనీలే, వెంట ఇన్‌స్ట్రక్టర్లు కూడా ఉన్నారు.

ట్రెక్ మొదలయ్యే సంక్రి ఊరి నుంచి వెళ్లే మామూలు దారి చాలావరకు అడవిలోనే కాబట్టి మీ ట్రెక్ గురించి నాకు పెద్ద బెంగ లేదు. శిఖరం ముందు బయలు వాలు దగ్గర మాత్రం జాగ్రత్త. ముందు రోజో, ఆ ముందు రోజో మంచు బాగా కురిసినా, అడుగు వేస్తే లోపల 'వుంఫ్' అని కూలినట్టు వినపడినా, కాలి దగ్గర నుంచి పగుళ్లు పరిగెత్తినా వెనక్కి తిరగాల్సిందే. రక్షణ పరిశోధన సంస్థ డీఆర్‌డీఓ కింద ఉన్న డీజీఆర్‌ఈ అనే ల్యాబ్ ఇచ్చే మంచు చరియల హెచ్చరికల్లో ఉత్తరకాశీ జిల్లాకి ఏం చెప్పారో బయల్దేరేముందు చూసుకోండి. తిరుగు ప్రయాణం టికెట్‌కి ఒకట్రెండు రోజులు సందు పెట్టుకోండి. ట్రైన్ పోతుందని గైడ్‌ని బతిమాలి ఎక్కినవాళ్లని చూశాను.

ట్రాన్స్‌సీవర్, అంటే మంచులో కూరుకుపోయిన మనిషిని సిగ్నల్‌తో వెతకడానికి ఒంటికి కట్టుకునే పరికరం, కొనాలా అని కూడా అడిగారు. ఈ ట్రెక్‌కి అక్కర్లేదనుకుంటా. కొంటే మాత్రం నలుగురికీ ఉండాలి, ప్రోబ్ (మంచులో గుచ్చి వెతికే పొడవాటి కడ్డీ), పార కూడా కావాలి. కూరుకుపోయిన మనిషిని పావుగంటలోపు తీస్తే బతికే అవకాశం బాగా ఉంటుంది, అరగంట దాటితే చాలా తగ్గిపోతుంది. అందుకే వెతకడం ముందే చేతికి అలవాటవ్వాలి. మేం వేసవిలో కృష్ణ ఇసుకలో ఒకటి పాతిపెట్టి వెతికేవాళ్లం. వెతికేటప్పుడు ఫోన్, స్మార్ట్‌వాచ్ కనీసం అర మీటరు దూరంలో పెట్టండి, లేకపోతే రీడింగ్ గందరగోళమైపోతుంది.