ఆర్‌సీలో లేని భాగాన్ని మార్చినా నేరమేనా?

సందేహం: మాది శ్రీకాకుళం. ఏపీ 30 నంబరున్న పాత రెండు సీట్ల స్పోర్ట్స్ కారు కొని సొంతంగా బాగు చేయించుకుంటున్నాను. వెనక కమాను పట్టీలు (లీఫ్ స్ప్రింగులు) తీసేసి, స్ప్రింగు, షాక్‌అబ్జార్బర్ ఒకటిగా ఉండే కాయిలోవర్లు పెట్టించాను. పాత షాక్‌అబ్జార్బర్ మౌంట్లు సరిపోలేదని వాటిని కోసి, ఛాసిస్‌కు కొత్త బ్రాకెట్లు వెల్డింగ్ చేయించాను. తనిఖీలో మోటారు వాహనాల ఇన్‌స్పెక్టర్ ఇది నేరమన్నారు. ఆర్‌సీలో సస్పెన్షన్ (కుదుపులను తట్టుకునే ఏర్పాటు) ఊసే లేదు కదా? ప్రమాదం జరిగితే బీమా వర్తిస్తుందా?

సమాధానం: మీ వాదన తేలిగ్గా కొట్టిపారేసేది కాదు. మోటారు వాహనాల చట్టం 1988, 52వ సెక్షన్ ప్రకారం ఆర్‌సీలోని వివరాలు తయారీదారు మొదట నిర్దేశించిన వివరాలకు భిన్నమయ్యేలా బండిని మార్చకూడదు. ఆర్‌సీలో సస్పెన్షన్ గడి లేదు కాబట్టి తప్పు లేదని మీరంటున్నారు. కానీ ఆ సెక్షన్ కిందనే ఒక వివరణ ఉంది. బండి నిర్మాణంలో చేసిన మార్పు వల్ల దాని మౌలిక లక్షణం మారితే చట్టం దృష్టిలో అదే ‘మార్పు’. 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా ఈ సెక్షన్‌ను వాహన యజమానులకు అనుకూలంగా సడలించలేదు.

మీరు చేసిన పని ఈ వివరణ పరిధిలోకి ఎందుకు వస్తుందో చూడండి. కమాను పట్టీలున్న బండిలో వెనక బరువు మోసేవి ఆ పట్టీలే. షాక్‌అబ్జార్బర్ మౌంటు ఊపును అణచే బలాన్ని తట్టుకుంటే చాలు. కాయిలోవర్‌లో స్ప్రింగు షాక్‌అబ్జార్బర్ చుట్టూనే ఉంటుంది కనుక ఆ మూల బరువంతా ఇప్పుడు మీ కొత్త బ్రాకెట్ మీద, అంటే దాని వెల్డింగ్ మీద పడుతోంది. పైగా ఆక్సిల్ (చక్రాల ఇరుసు) ముందుకూ వెనక్కూ జరగకుండా పట్టి ఉంచేదీ ఆ పట్టీలే. వాటి బదులు రాడ్లేమైనా పెట్టారా? మీ లేఖలో ఆ మాటే లేదు. పాత షాక్‌అబ్జార్బర్ విప్పి అదే చోట, అదే రకం కొత్తది బిగించి ఉంటే నేను మీ పక్షాన గట్టిగా వాదించేవాడిని. ఛాసిస్‌ను కోసి అతికించాక ఆ వాదన బలహీనపడుతుంది.

శిక్ష అదే చట్టంలోని 182ఏ(4) సెక్షన్ కింద ఆరు నెలల వరకు జైలు, లేదా ఒక్కో మార్పుకు 5,000 రూపాయల జరిమానా, లేదా రెండూ. ఇది యజమానికి పడే శిక్ష. వెల్డింగ్ చేసిన మేస్త్రీని చూపించి తప్పించుకోలేరు. బండి ప్రమాదకరంగా ఉందనుకుంటే 53వ సెక్షన్ కింద రిజిస్ట్రేషన్‌ను సస్పెండ్ చేయవచ్చు. జరిమానా కట్టినంత మాత్రాన మార్పు సక్రమమైపోదు.

బీమా విషయానికి వస్తే, బాధితుడికి పరిహారం ఎగ్గొట్టడానికి కంపెనీకి 150వ సెక్షన్ ఇచ్చిన కారణాలు కొన్నే. బండిని మార్చడం వాటిలో లేదు. కానీ ముఖ్యమైన విషయం దాచి పాలసీ తీసుకున్నారన్నది ఉంది. మీ సొంత కారు నష్టానికైతే కంపెనీతో పోరు తప్పదు. అందుకే దాచకండి, రాతపూర్వకంగా తెలియజేయండి.

ఇప్పుడు చేయాల్సింది: కారును రోడ్డెక్కించకండి. రాత్రిపూట కళింగపట్నం బీచ్ రోడ్డు ఖాళీగా ఉన్నా అది బహిరంగ ప్రదేశమే. రవాణా కార్యాలయంలో ముందస్తు అనుమతి లేకుండా మార్చారు కనుక, 14 రోజుల్లోగా ఆర్‌సీతో సహా తెలియజేయాల్సిన బాధ్యత మీదే. ఆమోదిస్తారన్న ఆశ నాకు తక్కువ. పాత పట్టీలను తుక్కు కింద అమ్మేయలేదు కదా? ఉంటే తిరిగి బిగించి, ఫొటోలు, బిల్లు దగ్గర పెట్టుకోండి. పదిహేనేళ్లు దాటిన కారుకు అయిదేళ్లకోసారి రిజిస్ట్రేషన్ పునరుద్ధరణ తనిఖీ ఎటూ తప్పదు.

కాయిలోవర్లతోనే నడపాలన్న కోరిక వదలకపోతే కారును లారీ మీద ఎక్కించి కోయంబత్తూరులోని కరి మోటార్ స్పీడ్‌వే లాంటి ట్రాక్‌కు తీసుకెళ్లండి. అయితే మామూలు పాలసీ రేసులకు, వేగ పరీక్షలకు వర్తించదు.