సంతకం దగ్గరే ఆపేయకు

అమ్మడూ,

ఉల్లాస్ తరగతి, అదే చదువురాని పెద్దవాళ్లకు అక్షరాలు నేర్పేది, నీకు అప్పజెప్పారని మీ అమ్మ ఫోన్లో చెప్పింది. సంఘం లెక్కలు రాసేదానివి, నీ మాటంటే ఆడవాళ్లకు గురి ఉంది. ఎలా మొదలుపెట్టాలని అడిగావు కాబట్టి నాకు తోచింది రాస్తున్నా.

మన డ్వాక్రా సంఘాల్లో ఇప్పుడు వేలిముద్ర వేసేవాళ్లు బాగా తక్కువ. బ్యాంకు లోన్ల పుణ్యమా అని సంతకం వచ్చేసింది, చాలామందికి చదువు అక్కడే ఆగిపోయింది. నన్నడిగితే వేలిముద్ర కంటే ఇదే ప్రమాదం. వేలిముద్ర వేసే మనిషికి ఎవరో ఒకరు చదివి వినిపించాలి. సంతకం చేసినావిడకు అన్నీ తెలుసనే అనుకుంటారు.

రిజిస్ట్రార్ ఆఫీసు బయట ఒక గంట కూర్చుంటే నీకే అర్థమవుతుంది. తండ్రి పోయాక అన్నదమ్ములు అక్కచెల్లెళ్లను కారెక్కించి తీసుకొస్తారు. కొత్త చీర, దారిలో టిఫిను, "పసుపు కుంకుమల కింద" చేతిలో ఎంతో కొంత. దస్తావేజు రాసేవాడు పేజీలు తిప్పుతూ మూలలు చూపిస్తుంటాడు: "ఇక్కడ, ఇక్కడ, ఇక్కడ." అది హక్కు విడుదల దస్తావేజు అని ఆ పిల్లకు ఎవరూ చెప్పరు. అందులో ఏముంటుందో తెలుసా? "నా స్వంత ఇష్టపూర్తిగా", "నాకు గానీ నా వారసులకు గానీ ఇకమీదట ఎటువంటి హక్కు లేదు" అని ఉంటుంది. ఆవిడ పిల్లల నోటి దగ్గరిది కూడా ఆ ఒక్క వాక్యంలో పోతుంది.

అందుకని పలక, బలపంతో పాటు అసలు కాగితాలు పెట్టి నేర్పు. పాత దస్తావేజు ఒకటి సంపాదించి, పేర్లు, ఆధార్ నంబర్లు కొట్టేసి జెరాక్సులు తీయించు. మొదట అంకెలు వెతకమను: సర్వే నంబరు, ఎకరాలు, సెంట్లు. అంకెలు అందరికీ వచ్చు, ధైర్యం వస్తుంది. తర్వాత పేర్లు, ఆ తర్వాత పైన చెప్పిన వాక్యాలు. దస్తావేజుల భాష భయపెడుతుంది గానీ, తిప్పితిప్పి అవే పదిహేను ఇరవై మాటలు. అవి గుర్తుపడితే చాలు. 1బి, అడంగల్ లాంటి పొలం రికార్డులు, సంఘం లోన్ కాగితం కూడా ఇలాగే చదివించు. ఒరిజినల్స్ మాత్రం ఎవరివీ నీ దగ్గర ఒక్క రాత్రి కూడా ఉంచుకోకు.

"మహిళల హక్కులు" అని బోర్డు మీద రాసి మొదలుపెట్టావో, మరునాటికి సగం మందిని మొగుళ్లు పంపరు. "లోన్ కాగితాలు చదవడం నేర్పుతున్నాం" అను, వాళ్లే దింపి వెళ్తారు!

తమ సంగతి పాఠంలో కనపడితే ఆడవాళ్లు ఎంత దూరం వెళ్తారో నెల్లూరు జిల్లాను చూడు. అక్కడి అక్షరాస్యతా తరగతుల్లో సారా మీద పాఠం చదివిన దూబగుంట ఆడవాళ్లు ఊళ్లో సారా అమ్మకాన్నే ఆపించారు. 1992లో ఆ కదలిక రాష్ట్రమంతా పాకింది. 1993 అక్టోబరు 1 నుంచి ప్రభుత్వం సారాను నిషేధించక తప్పలేదు.

ఆస్తి గురించి తప్పకుండా అడుగుతారు, ఇంతవరకు చెప్పు. మన రాష్ట్రంలో ఉమ్మడి ఆస్తిలో కూతురికి కొడుకుతో సమానంగా హక్కు 1985 సెప్టెంబరు 5 నుంచే ఉంది, కానీ అప్పటికి పెళ్లికాని వాళ్లకే. 2005లో కేంద్రం చట్టం సవరించాక పెళ్లయినా కాకపోయినా ఒకటే. తండ్రి 2005కు ముందే పోయినా ఆ హక్కు ఉంటుందని 2020లో సుప్రీంకోర్టు తేల్చింది. అయితే 2004 డిసెంబరు 20కి ముందే రిజిస్టరు దస్తావేజుతోనో కోర్టు డిక్రీతోనో పంపకాలు జరిగిపోయి ఉంటే వాటిని తిరగదోడలేం. తండ్రి సొంతంగా సంపాదించింది ఆయన ఇష్టం, ఎవరికైనా వీలునామా రాయొచ్చు. రాయకుండా పోతేనే భార్యాబిడ్డలందరికీ, ఆయన తల్లి బతికుంటే ఆవిడకూ సమాన వాటా. ఇదంతా హిందూ వారసత్వ చట్టం సంగతి. ముస్లింలకు, క్రైస్తవులకు, గిరిజనులకు లెక్కలు వేరు, అందరికీ ఒకే మాట చెప్పేయకు.

వాటా అడగమని మాత్రం ఎవరినీ ఎగదోయకు. "తమ్ముడితో తెగతెంపులైతే రేపు నాకు పుట్టిల్లు ఎక్కడిది?" అంటారు. అది ఉత్త భయం కాదు. మొగుడు కొట్టిన రాత్రి ఆవిడ వెళ్లేది ఆ గడపకే. తెలిసి వదులుకుంటే అది ఆవిడ నిర్ణయం, మనం మాట్లాడకూడదు. తెలియకుండా వదులుకోవడం ఒక్కటే మన తరగతి ఆపాల్సింది. "ఇంటికి తీసుకెళ్లి చదివించుకుని రేపు పెడతానన్నయ్యా" అనే మాట అందరి చేతా పలికించు. నవ్వులాటగానే సాధన చేయించు. ఆఫీసులో అందరి ముందూ ఆ మాట నోట్లోంచి రావడమే కష్టం.

గొడవ ముదిరితే నువ్వు పెద్దమనిషివై తీర్పులు చెప్పకు. ఆడవాళ్లకు ఆదాయంతో పనిలేకుండా లాయరును ఉచితంగా ఇస్తారు. కోర్టు ఆవరణలో ఉండే న్యాయ సేవల కమిటీకి పంపు, లేదా 15100కు ఫోన్ చేయించు.

టెన్త్, ఇంటర్ ఆడపిల్లలను కూడా కూర్చోబెట్టు. తల్లికి కూతురే చదివి చెబితే ఇద్దరికీ పాఠం ఒకేసారి అవుతుంది. పుట్టిన తేదీ ఆధార్‌లో, స్కూల్ రికార్డులో ఒకేలా ఉందో లేదో వాళ్ల చేతే సరిచూపించు. పద్దెనిమిది నిండకుండా సంబంధం కుదిర్చారని తెలిస్తే పిల్లల హెల్ప్‌లైన్ 1098కి చెప్పు. చెప్పింది నువ్వని ఊళ్లో తెలియనక్కర్లేదు.

నాట్లు అయ్యాకే మొదలుపెట్టు, ఇప్పుడు పిలిచినా ఎవరూ రారు. నా దగ్గర పాత దస్తావేజులు రెండున్నాయి, పేర్లు కొట్టేసి జెరాక్సులు మీ అమ్మతో పంపుతా.

ఆశీస్సులతో,
మీ పెద్దమ్మ