రా ఫైల్‌లో తీస్తే వైట్ బ్యాలెన్స్ ఏది పెట్టినా ఒకటేనా?

ఈమధ్యే పెళ్ళిళ్ళు తీయడం మొదలుపెట్టానని, రాలో (సెన్సర్ పట్టింది ఉన్నదున్నట్టు దాచే ఫైల్లో) తీసేటప్పుడు వైట్ బ్యాలెన్స్ (ఏ వెలుతురులోనైనా తెలుపు తెల్లగా కనిపించేలా చేసే సెట్టింగ్) ఆటోలో వదిలేసినా పర్లేదని ఎక్కడో విన్నానని రాశారు. మీకు ఆ మాట చెప్పినవాళ్ళు తెల్లవారుజామున మూడింటి ముహూర్తానికి ఎప్పుడైనా మండపంలో నిలబడ్డారా అని నా డౌటు. కిటికీ పక్కన కాఫీ కప్పు పెట్టి తీసుకునేవాళ్ళకి అది సరిపోతుంది. పెళ్ళిళ్ళ మీద బతికేవాళ్ళకి సరిపోదు.

చెప్పినదాంట్లో అబద్ధమేం లేదు లెండి. కెమెరాలో వెలుతుర్ని పట్టే సెన్సర్ అంకెలు మాత్రమే రాసుకుంటుంది, 14 బిట్ ఫైలైతే ఒక్కో పిక్సెల్‌కి 0 నుంచి 16,383 దాకా. మీరు పెట్టిన వైట్ బ్యాలెన్స్ ఆ అంకెల జోలికి పోదు, పక్కన ఒక చీటీలా ఉంటుంది, అంతే. 2005లో నికాన్ కంపెనీ తన డీ2ఎక్స్ కెమెరాలో ఆ చీటీకే తాళం వేసింది, ఎన్‌క్రిప్ట్ చేసి. ఫోటోషాప్ సృష్టికర్తల్లో ఒకరైన థామస్ నోల్ బహిరంగంగానే గొడవపడ్డారు. డేవ్ కాఫిన్ అనే ప్రోగ్రామర్ ఆ తాళం విప్పేశాడు కూడా. మనం డబ్బు పెట్టి కొన్న కెమెరా, మనం తీసిన ఫోటో, దాని రంగు చూసుకోవడానికి కంపెనీ అనుమతి ఏంటండీ! సరే, అది వేరే కథ.

అసలు చిక్కు కెమెరా వెనక స్క్రీన్‌తో. అక్కడ కనిపించేది రా ఫైల్ కాదు, దాన్నుంచి కెమెరా అప్పటికప్పుడు వండిన జేపెగ్, అంటే రంగులు కలిపేసిన మామూలు ఫోటో ఫైల్. హిస్టోగ్రామ్ (ఫోటోలో వెలుగు ఎంతెంత ఉందో చూపే గ్రాఫ్) కూడా దానిదే. పసుపుపచ్చటి హాలోజెన్ బల్బుల కింద, అంటే సుమారు 3200 కెల్విన్ వెలుతురులో (కెల్విన్ వెలుతురు రంగుకి కొలత, అంకె తగ్గేకొద్దీ ఎర్రన, పెరిగేకొద్దీ నీలం), మీ కెమెరా వైట్ బ్యాలెన్స్ 7000 దగ్గర ఉందనుకోండి. వెలుతురు నీలమనుకుని, అసలే ఎర్రగా ఉన్న వెలుతుర్ని కెమెరా ఇంకా ఎర్రగా చూపిస్తుంది. ఎర్ర పట్టుచీర కాలిపోయినట్టు కనిపిస్తుంది, హిస్టోగ్రామ్‌లో ఎరుపు గీత కుడి అంచు గోడకి గుద్దుకుంటుంది. మీరు కంగారుపడి ఎక్స్‌పోజర్, అంటే లోపలికి వచ్చే వెలుతురు, తగ్గిస్తారు. నిజానికి ఫైల్లో ఎరుపు బాగానే ఉంటుంది. హాలోజెన్‌లో నీలం ఎలాగూ తక్కువ, మీరు తగ్గించాక అది మరీ అడుగంటుతుంది. ఇంటికొచ్చి రంగు సరిచేయాలంటే ఆ నీలాన్నే రెట్టింపుకి పైగా పెంచాలి, దాంతోపాటు నాయిసూ పెరుగుతుంది. పెళ్ళికూతురి నల్లటి జడలో ఇసక చల్లినట్టు ఉంటుంది ఫోటో. వైట్ బ్యాలెన్స్ అంకెల్ని మార్చదు, నిజమే. మీ చేత మార్పిస్తుంది.

ఇప్పుడు వంగపండు రంగు చీర సంగతి. మా గోదావరి జిల్లాల్లోనే ఒక పెళ్ళి. వేదిక వెనక పూల గోడ మీదికి డెకరేషన్ వాళ్ళ హాలోజెన్లు, ఎదురుగా వీడియో అతని ఎల్ఈడీ ప్యానెల్, అది 5600 కెల్విన్. ఇది చాలదన్నట్టు రెండు మూలల్లో ఊదారంగు పార్ లైట్లు, స్టేజీ మీద వాడే రంగుల లైట్లు. ముహూర్తం టైముకి అవి ఆపమని లైటింగ్ కుర్రాడిని బతిమాలాను. "థీమ్ అన్నా, మా సార్ తిడతాడు" అన్నాడు. జీలకర్ర బెల్లం పెట్టుకునే నిమిషానికి కూడా థీమేనట!

ఆల్బమ్ ప్రూఫ్ చూశాక పెళ్ళికూతురి తల్లి స్టూడియోకి వచ్చారు. చేతిలో సంచి. అందులోంచి చీర తీసి నా టేబుల్ మీద పరిచేశారు, కీబోర్డు కూడా కనపడకుండా. "బాబూ, కంచి పట్టు ఇది. వంగపండు రంగు. నువ్వేమో మెరూన్ చేశావ్." నేను లైట్‌రూమ్ (ఫోటోలు దిద్దే సాఫ్ట్‌వేర్) తెరిచి టెంపరేచర్ స్లైడర్ మెల్లగా నీలం వైపు జరుపుతూ పోయాను. ఆవిడ చీర అంచు పట్టుకుని మానిటర్ పక్కన పెట్టి చూస్తున్నారు. "ఇంకొంచెం... ఇంకొంచెం... ఆఁ, అదీ!" చీర సరిగ్గా వచ్చింది. అప్పుడు పక్కకి చూసి, "మా అల్లుడేంటి బాబూ, జ్వరం వచ్చినవాడిలా ఉన్నాడు?" అన్నారు.

ఉండడా మరి! పెళ్ళికూతురు హాలోజెన్ వైపు, పెళ్ళికొడుకు ఎల్ఈడీ వైపు. ఒకే పీటల మీద ఇద్దరి మీదా రెండు వెలుతుర్లు. ఒక స్లైడర్ రెండిటినీ ఎలా దిద్దుతుంది? చీరకో మాస్క్ (ఆ భాగం వరకే దిద్దే పొర), అల్లుడికో మాస్క్ వేసి ఆ ఫోటో గట్టెక్కించాను. జీలకర్ర బెల్లం ఫోటో మాత్రం ఏ స్లైడర్‌కీ లొంగలేదు. ఊదా లైటులో ఉండేది నీలం, ఎరుపు, అంతే. ఆకుపచ్చ భాగం దాదాపు సున్నా. లేని అంకెని ఎన్నింతలు చేసినా లేనిదే కదా. నలుపు తెలుపులో వేద్దామంటే ఆవిడ కాసేపు చూసి, "మా పెళ్ళి ఫోటోలా ఉంది" అని ఒప్పుకున్నారు. నన్నడిగితే ఆ ఆల్బమ్‌లో మంచి ఫోటో అదే.

ఆవిడని తప్పుపట్టను. బట్టల షాపులో చీరని గుమ్మం బయటికి తెచ్చి ఎండలో చూసి కొనే అలవాటు మన ఆడవాళ్ళది, ఏ ఇంజినీరూ నేర్పకుండానే. ఈవెంట్ మేనేజర్లకి ఆ పాటి ఇంగితం ఉంటే నాకీ తిప్పలుండేవి కాదు. లక్షలు పోసి చీర కొంటారు, దాని మీద ఊదా లైటేస్తారు.

నేను చేసేది చెప్తాను. పురోహితుడు పీటలు సర్దుతున్నప్పుడే వెళ్ళి గ్రే కార్డు (ఏ రంగూ కలవని బూడిదరంగు అట్ట) పెట్టి ఒక ఫ్రేము తీసుకుంటాను ("ఇదేం పూజా సామాను నాయనా" అన్నారొక పంతులుగారు). దాన్ని బట్టి కెల్విన్ అంకె నేనే పెడతాను, మండపంలో చాలావరకు 3800, 4500 మధ్య తేలుతుంది. నా అసిస్టెంట్ కెమెరాలోనూ అదే అంకె. రెండూ వేర్వేరు కంపెనీలవైతే ఒకే అంకెకి ఒకే రంగు రాదు, ఆ తేడా ముందే చూసుకోండి. ఫ్లాష్ వాడితే దానికి ఆరెంజ్ జెల్ (పారదర్శకమైన రంగు షీటు) తగిలిస్తాను, లేకపోతే ఫ్లాష్ 5500 దగ్గర తెల్లగా కొట్టి వెనకంతా పసుపు ముద్ద చేస్తుంది. తలంబ్రాలప్పుడైతే ఆటో వద్దే వద్దు. ఫ్రేము నిండా పసుపు బియ్యం కనపడేసరికి, వెలుతురే పసుపనుకుని నీలం కలిపేస్తుంది కెమెరా, మొహాలు పాలిపోతాయి.

ఇంకోటి. గ్రే కార్డు మర్చిపోయి, ఎడిటింగ్‌లో ఎవరి తెల్ల లాల్చీ మీదో ఐడ్రాపర్ (ఇదే తెలుపని సాఫ్ట్‌వేర్‌కి చూపించే బటన్) నొక్కుతుంటారు. మన ఇళ్ళలో తెల్లబట్టలకి నీలిమందు పెడతారండీ. ఆ నీలాన్ని తెలుపనుకుని సాఫ్ట్‌వేర్ ఫోటో మొత్తాన్ని పసుపు తిప్పుతుంది. మామగారి లాల్చీ కన్నా స్టీలు బిందె మీద పడిన బూడిదరంగు నీడ కాస్త నయం, చుట్టూ రంగు వస్తువులు లేకపోతే.

చివరగా, రా ఫైళ్ళు పెన్‌డ్రైవ్‌లో ఇవ్వమని అడిగే బంధువులుంటారు. ఇవ్వకండి. పోయిన సీజన్‌లో పెళ్ళికొడుకు తమ్ముడొకడు పోరుపెట్టి తీసుకెళ్ళాడు. ఫోన్‌లో ఏదో యాప్‌లో తెరిచి, రంగులన్నీ చప్పగా ఉన్నాయి, అన్న పెళ్ళి పాడుచేశారని బ్యాలెన్స్ డబ్బు ఆపించాడు. అప్పట్నుంచి ఒప్పంద పత్రంలోనే రాయిస్తున్నాను, జేపెగ్‌లు మాత్రమే అని.