మొదటి ఏరోస్పేస్ సదస్సుకు అప్పు చేసి వెళ్లాలా?

ప్రశ్న: ఏరోస్పేస్ ఇంజనీరింగ్ మూడో ఏడు చదువుతున్నాను. ఇంటర్నేషనల్ ఆస్ట్రోనాటికల్ కాంగ్రెస్‌కు నా పేపర్ ఎంపికైంది. ఇంత పెద్ద సదస్సుకు వెళ్లడం ఇదే మొదటిసారి. దాచుకున్నదంతా తీసినా సగం ఖర్చుకే వస్తుంది. మిగతాది క్రెడిట్ కార్డు మీద పెట్టి నెలనెలా తీర్చుకోవచ్చా?

జవాబు: ముందుగా అభినందనలు. 1950లో పారిస్‌లో మొదలైన అంతరిక్ష రంగ సదస్సు అది. చదువుకునే వయసులోనే అక్కడ మాట్లాడే అవకాశం రావడం చిన్న విషయం కాదు. వెళ్లే ప్రయత్నం గట్టిగా చేయండి. కార్డు మీద మాత్రం వద్దు. జీతం లేనప్పుడు కనీస మొత్తం కట్టుకుంటూ పోతే వడ్డీకే సరిపోతుంది, అసలు అలాగే ఉంటుంది.

పేపర్ ఎంపికైతే ఫీజు ఉండదని చాలామంది అనుకుంటారు. అక్కడ పేపర్ చదివేవాళ్లు కూడా రిజిస్ట్రేషన్ కట్టాల్సిందే. విద్యార్థులకు రాయితీ ఉంటుంది కాబట్టి అసలు భారం విమానం టికెట్టు, బసదే. ఆ రెండింటికీ సాయం అడగండి. మొదట మీ గైడ్‌ను, ప్రాజెక్టులో ప్రయాణాలకు కేటాయించిన డబ్బు ఉందేమో అడగండి. తర్వాత డిపార్ట్‌మెంట్‌ను, ఆపైన యూనివర్సిటీని. ఒకరు కాదన్నారని ఆగిపోకండి, ఒక్కొక్కరి బడ్జెట్ వేరు. సదస్సు జరిపే అంతర్జాతీయ ఆస్ట్రోనాటికల్ ఫెడరేషన్ కూడా 21 నుంచి 35 ఏళ్ల వారికి ‘ఎమర్జింగ్ స్పేస్ లీడర్స్’ గ్రాంట్ ఇస్తుంది. దానికి నెలల ముందే దరఖాస్తు చేయాలి. ఈసారి గడువు దాటిపోయి ఉంటే వచ్చే ఏడాదికి ఇప్పుడే రాసిపెట్టుకోండి.

ఇక విద్యార్థులు ఎక్కువగా దెబ్బతినే చోటు ఇంకొకటుంది. గ్రాంట్ వచ్చిందని సంతోషిస్తారు, కానీ చాలా యూనివర్సిటీలు ముందు మీ చేత ఖర్చు పెట్టించి, తిరిగొచ్చాక బిల్లులు చూసి ఇస్తాయి. అది వారాలు పట్టవచ్చు, నెలలూ పట్టవచ్చు. ఈలోగా సెమిస్టర్ ఫీజు మీద పడితే? అందుకే మంజూరు పత్రం అందిన రోజే అడ్వాన్స్ ఇస్తారా అని అడగండి. నా దగ్గరికి వచ్చిన ఒక అమ్మాయి బోర్డింగ్ పాస్ పారేసుకుంది. ఆఫీసు వాళ్లు ఆ టికెట్టు డబ్బు ఇవ్వలేదు. ఇంకో బిల్లు మీద అక్షరాలు వెలిసిపోయాయి, వేడితో అచ్చు వేసే థర్మల్ కాగితం కదా. ప్రతి రసీదునూ అదే రోజు ఫోటో తీసి, మీకు మీరే మెయిల్ చేసుకోండి.

వీసా అవసరమైతే అది చేతికొచ్చేదాకా రద్దు చేసుకునే వీలున్న టికెట్టు, గదే తీసుకోండి. కాస్త ఎక్కువైనా ఫరవాలేదు. గది మరో విద్యార్థితో పంచుకోండి. విందులకు విడిగా టికెట్టు ఉంటే వదిలేయండి, పరిచయాలు సెషన్ల మధ్య విరామాల్లో కూడా అవుతాయి.

మీ పొదుపులో మూడు నెలల ఖర్చుకు సరిపడా పక్కన పెట్టి, మిగిలినది మాత్రమే దీనికి వాడండి. రాయితీ ఫీజు గడువులోగా రాతపూర్వకంగా వచ్చిన హామీలు, ఆ మిగిలిన డబ్బు కలిపినా ఖర్చుకు చాలకపోతే, సహ రచయిత ఎవరైనా పేపర్ చదవవచ్చా అని నిర్వాహకులకు వెంటనే రాయండి.