పాత బ్లాగు లింకులు: తెరుచుకోనివాటి కంటే తెరుచుకునేవాటితోనే టెన్షన్

ప్రశ్న: మాది డిగ్రీ కాలేజీ లైబ్రరీ. పిల్లలు ఊళ్ల చరిత్ర, పాత పుస్తకాల పరిచయాలు అడిగితే గూగుల్‌లో షాపింగ్ సైట్లు, వీడియోలే ముందుకొస్తున్నాయి. బ్లాగులు మాత్రమే వెతికే సెర్చ్ ఇంజిన్ వాడితే ప్రయోజనం ఉంటుందా? 2014లో తయారుచేసిన బ్లాగు లింకుల ఎక్సెల్ షీటు మా దగ్గర ఉంది కానీ, సగం తెరుచుకోవడం లేదు.

జవాబు: లైబ్రేరియన్ల నుంచి ఈ మధ్య ఇదే ప్రశ్న పదేపదే వస్తోంది. అందుకే అలాంటి ఇంజిన్ ఒకదాన్ని వారం రోజులు వాడి చూశాను. 'గ్రంథాలయోద్యమం' అని కొడితే అరపేజీ కూడా నిండలేదు. థ తీసేసి ధ పెట్టి 'గ్రంధాలయోద్యమం' అంటే రెండు పేజీలు! అసలు సరుకంతా తప్పు స్పెల్లింగు కిందే ఉంది. 'సాఫ్ట్‌వేర్'దీ ఇదే గొడవ. ట్ పక్కన కంటికి కనబడని గుర్తు ఒకటి ఉంటుంది. అది పడకపోతే వ పోయి కింద వత్తుగా కూర్చుంటుంది. మనం రెంటినీ ఒకేలా చదువుతాం, ఆ ఇంజిన్‌కి మాత్రం రెండూ వేర్వేరు మాటలు. తెలుగులోనూ వెతుకుతామని చెప్పుకునేముందు తెలుగు చదివే మనిషినొకరిని కూర్చోబెట్టి పది మాటలు కొట్టించి చూసుకోరా?

అయినా వాడండి. ఊరి జాతర మీదో, అచ్చులో లేని పుస్తకం మీదో ఎవరో ఓపిగ్గా రాసుకున్న టపా, అంటే బ్లాగు పోస్టు, అక్కడే దొరికింది నాకు. దాన్ని ఆధారంగా కాక, ఆచూకీగా పిల్లలకు ఇవ్వండి. అలాగని ఆ ఇంజిన్‌నే నమ్ముకోవద్దు. 2002లో మొదలైన టెక్నొరాటి, 2005లో వచ్చిన గూగుల్ బ్లాగ్ సెర్చ్, రెండూ బ్లాగులు వెతకడం ఎప్పుడో మానేశాయి. కొత్త తెలుగు టపాలన్నీ కూడలి, జల్లెడ లాంటి సైట్లలో ఒక్కచోట చూసుకున్న రోజులూ పోయాయి.

నన్ను అసలు భయపెట్టింది మీ ఎక్సెల్ షీటు. తెరుచుకోని సగంతో నష్టం లేదు. తెరుచుకునే సగం సంగతి చెప్పండి! 2012లో గూగుల్ తన బ్లాగుల సేవను మన దేశంలో చూసేవాళ్లను బ్లాగ్‌స్పాట్ డాట్ కామ్ నుంచి డాట్ ఇన్‌కి మళ్లించడం మొదలుపెట్టింది. కాబట్టి 2014లో మీరు కాపీ చేసుకున్న లింకుల్లో చాలావరకు డాట్ ఇన్‌వే అయి ఉంటాయి. 2020లో ఆ డాట్ ఇన్ పేరు కాస్తా గూగుల్ చేజారి వేరేవాళ్ల పేరు మీదికి వెళ్లిపోయింది. అంత పెద్ద కంపెనీ, ఒక పేరు నిలబెట్టుకోలేకపోయింది! పేరు ఎవరి చేతిలో ఉంటే ఆ లింకు నొక్కినవాళ్లకు వాళ్లు చూపించిందే పేజీ. బ్లాగర్లు సొంతంగా కొనుక్కుని వదిలేసిన డొమైన్లదీ, అంటే వెబ్ చిరునామాలదీ, ఇదే కథ. ఇలాంటి పాత జాబితాలోనే ఒక సాహిత్య బ్లాగు నొక్కితే నాకు బెట్టింగ్ పేజీ వచ్చింది, పైగా నోటిఫికేషన్లకు 'అలో' నొక్కమని ఒకటే పోరు. నేను మూసేశాను. మీ లైబ్రరీ కంప్యూటర్ ముందున్న కుర్రాడు మూస్తాడా? లైబ్రరీ ఇచ్చిన లింకే కదా అని నొక్కేస్తాడు. ఆ తర్వాత ఆ కంప్యూటర్ వాడే ప్రతివాళ్లకూ బెట్టింగ్ పిలుపులే.

బ్లాగ్‌స్పాట్ లింకుల్లో డాట్ ఇన్ తీసి డాట్ కామ్ పెడితే, రాసినవాళ్లు బ్లాగు తీసేయకపోయి ఉంటే, తెరుచుకుంటుంది. సొంత డొమైన్ పోయినవాటిని, పాత వెబ్ పేజీల కాపీలు దాచే వేబ్యాక్ మెషిన్‌లో వెతికి, దొరికితే ఆ లింకే షీటులో పెట్టండి.

ఈ పని ఈ వారమే చెయ్యండి. షీటులో 'బ్లాగ్‌స్పాట్ డాట్ ఇన్' అని పూర్తిగా కొట్టి మార్చండి. ఉత్త డాట్ ఇన్ ఇచ్చి రీప్లేస్ ఆల్ నొక్కారంటే, మీ కాలేజీ చిరునామా కూడా డాట్ కామ్ అయిపోతుంది.