మునియా పిట్టలు ఎక్కడ ఉంటాయి, ఏం తింటాయి? అవి రావాలంటే బాల్కనీలో ఏ గింజలు పెట్టాలి?

నన్నడిగితే ఏ గింజలూ పెట్టొద్దు. మీ పక్కన ఖాళీ ప్లాటు ఏదైనా ఉంటే దాని జోలికి ఎవరూ పోకుండా చూడండి, చాలు.

మాది హైదరాబాద్ శివారు. మా వెనక ప్లాటు ఓనరు అమెరికాలో ఉంటాడు కాబట్టి వానాకాలం వస్తే అక్కడ ఊద గడ్డి, గినీ గడ్డి నడుం ఎత్తు పెరుగుతుంది. పోయిన సెప్టెంబరులో అందులో చుక్కల మునియాల గుంపు దిగింది. పొట్ట మీద చేప పొలుసుల్లాంటి గీతలుంటాయే, అవి. ఒకటి కాడ పట్టుకుని పైకి పాకింది, కాడ వంగింది, వంగిన కంకిని కాలి కింద అదిమిపెట్టి ఒక్కో గింజా లాగి, ముక్కులోనే దొర్లించి పొట్టు వలిచి రాల్చేస్తూ తిన్నది. పాలు పోసుకున్న పచ్చి గింజంటే వాటికి ప్రాణం. వరి రైతులకి వీటి మీద కోపం అందుకే. అప్పుడప్పుడు చిన్న పురుగుల్నీ తింటాయి.

ఎర్ర మునియా అయితే ఎక్కువగా నీటి దగ్గర పొడవాటి గడ్డి, జమ్ము, తుంగల్లో ఉంటుంది. వెండి ముక్కు మునియాకి బీడు భూములు, తుమ్మ చెట్లు కావాలి, గిజిగాడు వదిలేసిన గూడు దొరికితే అందులోనే కాపురం పెట్టేస్తుంది.

ఇంత బాగా నడుస్తుంటే మా కమిటీ వాళ్ళు పాములొస్తాయి, దోమలొస్తాయి అని ఆ ప్లాటంతా గడ్డి మందు కొట్టించారు. దోమలు పుట్టేది మన పూలకుండీల కింద ప్లేట్లలో, గడ్డిలో కాదు బాబూ అంటే వినేవాడు లేడు! మళ్ళీ మార్చి 20న పిచ్చుకల దినోత్సవం అని గ్రూపులో ఫొటోలు పెట్టేదీ వీళ్ళే. ప్లాస్టిక్ డబ్బాలో నూకలు పోసి వేలాడదీస్తే వచ్చేది పావురాలే, ఆ రెట్ట కడుక్కోలేక చస్తున్నాం.

ఇంకోటి, పంజరంలో పెట్టి అమ్ముతున్నారు కదా అని కొనకండి. 1972 వన్యప్రాణి చట్టం ప్రకారం అది నేరం, పైగా కొన్నిటికి రంగు పూసి మరీ అంటగడతారు.

తప్పదంటే వెడల్పు కుండీలో గుప్పెడు పొట్టు తీయని కొర్రలు చల్లి మొలవనివ్వండి. కంకులు కోయకండి, ఎండిన ఆకులూ తీయకండి, గూటికి పనికొస్తాయి. ఇంట్లో అందరికీ ముందే చెప్పిపెట్టండి, మా అత్తయ్య పిచ్చిగడ్డి అనుకుని మొత్తం పీకేసింది.